తొంభయ్యో రోజు

అమెరికాలో నేషనల్ గార్డ్‌లోనో, ఆర్మీ రిజర్వ్‌లోనో ఉన్న మనిషి మామూలు రోజుల్లో మనలాగే ఏదో ఉద్యోగం చేసుకుంటాడు. నెలకి ఒక శని, ఆదివారాలు మాత్రం యూనిఫాం వేసుకుని డ్రిల్‌కి వెళ్తాడు. వెళ్ళేది రెండు రోజులు. ఖాతాలో పడేది నాలుగు రోజుల జీతం. ప్రభుత్వానికి దయ ఎక్కువై ఇస్తున్నదేం కాదు, అందులో మోసమూ లేదు. చట్టం లెక్కలో ఆ శనివారంలో రెండు రోజులున్నాయి, ఆదివారంలో ఇంకో రెండు.

నేను రాసేది పేరోల్ సాఫ్ట్‌వేర్. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, ఎన్ని రోజులు సెలవు పెట్టారు, చేతికి ఎంత రావాలి, పదేళ్ళుగా ఇవే లెక్కలు. ఈ పనిలో ఒక సుఖం ఉండేది. పన్నులు మారతాయి, ఇన్సూరెన్సు మారుతుంది, రోజు మాత్రం రోజే. మిలిటరీ లీవు మాడ్యూల్ నా చేతికొచ్చాక ఆ సుఖం పోయింది.

మా టీమ్‌లో ఒక కుర్రాడున్నాడు. ఒంగోలు పక్కన పల్లె. ఎమ్మెస్ చదవడానికి వచ్చి, మావ్నీ అనే పథకం కింద ఆర్మీ రిజర్వ్‌లో చేరాడు. సైన్యానికి అవసరమైన భాషలు వచ్చినవాళ్ళు గ్రీన్ కార్డు లేకుండానే చేరి, పౌరసత్వం తెచ్చుకునే వీలు అందులో ఉండేది. 2009లో మొదలై 2016లో ఆగిపోయింది. వీడు ఆఖరి బండి ఎక్కినవాళ్ళలో ఒకడు. హైదరాబాద్ హాస్టల్లో నేర్చిన హిందీ పనికొచ్చిన ఒకే ఒక్క చోటు ఆ భాషా పరీక్షే అంటాడు. వాడి ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది, నేను రాసిన కోడ్ కంటే చిక్కుగా. ఒకసారి అడిగితే ఇలా చెప్పాడు: "అన్నా, మాకు జీతం రోజు వేరు, పింఛను రోజు వేరు, ఇన్సూరెన్సు రోజు వేరు. కాలెండర్లో ఉండే రోజు ఒక్కటే దేనికీ పనికిరాదు."

ఆ మాట పట్టుకుని పాత చట్టాలు వెతుక్కుంటూ పోతే రెండు శతాబ్దాలు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. చదివినకొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ దేశం తన పార్ట్‌టైమ్ సైనికుడికి ఏం ఇవ్వాలి, ఏం ఇవ్వకుండా ఎలా తప్పించుకోవాలి అన్న బేరమంతా రోజుల లెక్కలోనే దాచిపెట్టింది. అందుకే ఆ లెక్క అంత ముదిరింది.

మొదట్లో లెక్కే లేదు. 1792 నాటి మిలీషియా చట్టం ప్రకారం 18 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉన్న ప్రతి స్వతంత్ర శ్వేతజాతి పురుషుడు మిలీషియాలో పేరు నమోదు చేసుకోవాలి. మిలీషియా అంటే అవసరమొచ్చినప్పుడు తుపాకీ పట్టే ఊరి జనం. ఆ తుపాకీ ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. బయొనెట్టు, తూటాలు, సంచీ, అన్నీ సొంత ఖర్చే. ఏడాదికి ఒకటి రెండు సార్లు ఊరి మైదానంలో మస్టర్ జరిగేది. కొన్నాళ్ళకి ఆ మస్టర్లు జాతరలైపోయాయి. కవాతు తక్కువ, విస్కీ ఎక్కువ.

మస్టర్ అనే ఈ మాట మనకి కొత్తది కాదు. ఉపాధి హామీ పనికి వెళ్ళే మా ఊరి ఆడవాళ్ళు "మస్టరు వేశారా?" అని అడిగేది ఈ మాటతోనే. సైనికుల్ని నిలబెట్టి తలలు లెక్కపెట్టే పుస్తకం పేరు, చెరువు మట్టి తవ్వేవాళ్ళ హాజరు పట్టీకి వచ్చి చేరింది. రెండు చోట్లా మస్టరులో పేరు లేకపోతే ఆ రోజు చేసిన పని చేసినట్టు కాదు.

1795లో వచ్చిన చట్టం రోజులకి గీత గీసింది. మిలీషియా మనిషిని ఏడాదిలో మూడు నెలలకి మించి బలవంతంగా పనిచేయించకూడదు. వాళ్ళు రైతులు, కమ్మర్లు, అంగళ్ళవాళ్ళు. నాలుగో నెల కూడా రాకపోతే ఇల్లు గడవదు. చాలా న్యాయమైన గీత. దాని దెబ్బ ఎక్కడ తగిలిందో చూడాలంటే 1861కి రావాలి.

మధ్యలో లింకన్ సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1832లో ఇలినాయ్‌లో బ్లాక్ హాక్ యుద్ధం వచ్చినప్పుడు ఆయన 23 ఏళ్ళ కుర్రాడు. మిలీషియాలో చేరితే తోటివాళ్ళు కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. గడువు అయిపోగానే మళ్ళీ మామూలు సైనికుడిగా 20 రోజులకి చేరాడు, అది కూడా అయిపోతే ఇంకో 30 రోజులకి. అంతా కలిపి 80 రోజులు. శత్రువు కనబడలేదు గానీ దోమలతో చాలా రక్తపాతం జరిగిందని తరువాత ఆయనే కాంగ్రెస్‌లో జోకేశాడు. అసలు విషయం ఆ తరువాతది. 1850లో కాంగ్రెస్ పాత సైనికులకి భూమి పంచింది: తొమ్మిది నెలలు చేసినవాడికి 160 ఎకరాలు, నాలుగు నెలలకి 80, ఒక నెలకి 40. లింకన్‌కి 40 ఎకరాలొచ్చింది. 1855లో రూలు మార్చారు. 14 రోజులు చేసినా చాలు, మొత్తం 160 ఎకరాలకి హక్కు. లింకన్‌కి మిగతా 120 ఎకరాలూ వచ్చాయి. చేసిన సేవ ఒక్క రోజు కూడా పెరగలేదు. గీత జరిగింది, ఎకరాలు నాలుగింతలయ్యాయి.

ఇప్పుడు 1861. ఏప్రిల్‌లో సమ్టర్ కోట మీద తిరుగుబాటుదారులు కాల్పులు జరిపాక లింకన్ 75,000 మంది మిలీషియాని పిలిచాడు. ఎంత కాలానికి? మూడు నెలలకి. మూడు నెలల్లో యుద్ధం అయిపోతుందనుకున్నాడని చాలామంది నవ్వుతూ చెబుతారు. ఆయన చేతిలో ఉన్న 1795 చట్టం అంతకు మించి పిలవనివ్వదు, అదీ సంగతి. పెన్సిల్వేనియా నుంచి వచ్చిన రెజిమెంట్లలో నాలుగోది ఏప్రిల్ 20 ప్రాంతంలో మస్టరైంది. జూలై 20కి గడువు పూర్తి.

వాషింగ్టన్ పక్కన బుల్ రన్ వాగు దగ్గర మొదటి పెద్ద యుద్ధం జూలై 21న జరిగింది.

జనరల్ మెక్‌డోవెల్ ఆ రెజిమెంటుని ఇంకొన్నాళ్ళు ఉండమని బతిమాలాడు. న్యూయార్క్ మిలీషియా ఫిరంగి దళం ఒకదానికీ అదే రోజుతో గడువు తీరింది. యుద్ధమంత్రి కామెరన్ స్వయంగా అక్కడికి వచ్చి, కనీసం ఐదు రోజులుండండని వాళ్ళని అడిగాడు. ఉండలేదు. మర్నాడు పొద్దున సైన్యం ముందుకు కదులుతుంటే వీళ్ళు శత్రువు ఫిరంగుల మోత వింటూ వెనక్కి నడిచారని జనరల్ తన నివేదికలో రాశాడు. ఉత్తరాది ఆ రోజు ఓడిపోయింది. నిందంతా కాకపోయినా చాలా నింద వీళ్ళ మీద పడింది. ఆ రెజిమెంటు కల్నల్ హార్ట్‌రాన్ఫ్ట్ మాత్రం తన మనుషులు వెళ్ళిపోయినా తాను వెనక్కి పోకుండా, వేరే బ్రిగేడ్‌లో పనిచేశాడు. అందుకు 1886లో మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది.

చరిత్ర పుస్తకాలు ఆ రెజిమెంటుని పిరికివాళ్ళలా చూస్తాయి. నాకు అలా అనిపించదు. తొంభై రోజులని రాసిచ్చింది ప్రభుత్వం. తొంభయ్యో రోజు దాకా ఉన్నది వాళ్ళు. తొంభై ఒకటో రోజున చచ్చిపోతే ఆ రోజు ఏ కాగితంలో ఉంటుంది? హార్ట్‌రాన్ఫ్ట్ కొన్ని నెలలకే అదే కౌంటీలో, మూడేళ్ళ గడువుతో, ఇంకో రెజిమెంటు లేవదీశాడు. మనుషులు దొరికారు. గడువు ముందే చెప్పి పిలవడం వేరు, సంతకం అయిపోయాక సాగదీయడం వేరు. ఓడిపోయిన మర్నాడే, జూలై 22న, కాంగ్రెస్ ఐదు లక్షల మంది వాలంటీర్లని తీసుకోవడానికి చట్టం చేసింది. తొంభై రోజుల బేరం అక్కడితో పోయింది.

అంతర్యుద్ధం తరువాత మిలీషియాలు మెల్లగా నేషనల్ గార్డ్ అయ్యాయి. ఊళ్ళలో కోటల్లాంటి ఆర్మరీలు కట్టుకుని, సాయంత్రాలు ఉద్యోగాలయ్యాక వచ్చి కవాతు చేసేవాళ్ళు. దీనికో పద్ధతి తెచ్చినవాడు ఒహాయో నుంచి వచ్చిన చార్లెస్ డిక్. కాంగ్రెస్ సభ్యుడూ ఆయనే, ఒహాయో గార్డ్‌లో జనరలూ ఆయనే. ఆయన పేరుతో పిలిచే 1903 చట్టం గార్డ్ ఏడాదికి 24 డ్రిల్లులు చేయాలని, ఐదు రోజులు క్యాంపుకి పోవాలని చెప్పింది. క్యాంపు రోజులకి కేంద్రం జీతమిచ్చింది. సాయంత్రపు డ్రిల్లులకి పైసా లేదు.

ఆ జీతం 1916లో వచ్చింది. యూరప్‌లో యుద్ధం నడుస్తోంది, మెక్సికో సరిహద్దులో గొడవలు. జూన్ 3న ప్రెసిడెంట్ విల్సన్ సంతకం పెట్టిన జాతీయ రక్షణ చట్టం డ్రిల్లులని 24 నుంచి 48కి పెంచింది, క్యాంపుని ఐదు రోజుల నుంచి 15కి. డ్రిల్లుకీ జీతం ఇస్తామంది. గంటన్నరకి తక్కువైతే మాత్రం డ్రిల్లు కింద లెక్క కాదు. సంతకమైన పదిహేను రోజులకే, జూన్ 18న, గార్డ్‌ని సరిహద్దుకి పిలిచారు. ఏడాదికి 52 వారాలు, 48 డ్రిల్లులు. అంటే వారానికో సాయంత్రం. తరువాతి సవరణల్లో ఒక డ్రిల్లుకి నెల బేసిక్ జీతంలో ముప్పయ్యో వంతు అని స్థిరపడింది. ముప్పయ్యో వంతు అంటే ఒక రోజు జీతం. ఒక సాయంత్రం ఒక రోజైంది.

మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత, 1950, 60లలో, మనుషులు శివార్లకి మారిపోయారు, వారానికో సాయంత్రం ఆర్మరీకి రావడం కష్టమైంది. వచ్చినా ఆ కాసేపట్లో ట్యాంకు బయటికి తీసి లోపల పెట్టేసరికే సరిపోయేది. అందుకని డ్రిల్లులని కట్టలు కట్టి వారాంతంలో పెట్టారు: నాలుగేసి గంటల డ్రిల్లులు, శనివారం రెండు, ఆదివారం రెండు. పన్నెండు నెలలు నాలుగుతో గుణిస్తే 48. చట్టంలో అంకె మార్చాల్సిన పనే పడలేదు. గార్డ్‌కి ఈనాటికీ 48 డ్రిల్లులు, 15 రోజులే. రిజర్వ్‌కి 48 డ్రిల్లులు, 14 రోజులు. "నెలకో వీకెండు, ఏడాదికి రెండు వారాలు" అని రిక్రూటర్లు చెప్పే మాటకి పునాది విల్సన్ సంతకమే.

కాబట్టి గార్డ్ మనిషి ఇంటికి దూరంగా ఉండేది 24 వారాంతపు రోజులు, 15 క్యాంపు రోజులు, మొత్తం 39. జీతం పుస్తకంలో మాత్రం అవి 48, 15 కలిపి 63.

లాభమే కదా అనిపిస్తుంది. పూర్తిగా కాదు. డ్రిల్లుకి వచ్చేది బేసిక్ మాత్రమే. ఫుల్‌టైమ్ సైనికుడికి వచ్చే ఇంటద్దె, భోజనం అలవెన్సులు అందులో ఉండవు. పైగా ఈ రెట్టింపు లెక్క ఎదురు తిరిగే చోటు ఒకటుంది. యుద్ధంలో మోకాలో, చెవో దెబ్బతిని వెటరన్స్ శాఖ నుంచి నెలనెలా పరిహారం తీసుకునే రిజర్విస్టులు చాలామంది ఉన్నారు. ఒకే రోజుకి జీతం, పరిహారం రెండూ తీసుకోకూడదని చట్టం. ఏది వదులుకుంటారో ఏటా ఒక కాగితం మీద రాసివ్వాలి. జీతమే ఉంచుకుంటే, హాజరైన ఒక్కో డ్రిల్లుకి ఒక్కో రోజు పరిహారం పోతుంది. రెండు రోజుల వారాంతానికి నాలుగు రోజుల పరిహారం. ఏడాదంతా తప్పకుండా వెళ్ళినవాడికి 63 రోజులది. ఇచ్చేటప్పుడు వాడిన తూకమే తీసుకునేటప్పుడూ వాడారు, అంతవరకు నిజాయితీ ఉంది. కానీ ఈ సంగతి ముందే తెలియనివాడికి ఒక ఏడాది చివర్లో బాకీ నోటీసు వస్తుంది.

ఇక పింఛను. గార్డ్‌కి 1916లో వచ్చిన డ్రిల్ జీతం ఆర్మీ రిజర్వ్‌కి 1948 దాకా రాలేదు. అదే ఏడాది జూన్ 29న రిజర్వ్ పింఛను చట్టం కూడా వచ్చింది. ఇందులో రోజు మళ్ళీ వేషం మార్చి పాయింటు అవుతుంది. డ్యూటీ రోజుకో పాయింటు, డ్రిల్లుకో పాయింటు, పేరు ఉన్నందుకు ఏడాదికి 15 పాయింట్లు. ఒక ఏడాదిలో 50 పాయింట్లు వస్తే అది మంచి ఏడాది. అలాంటివి 20 ఉంటే 60వ ఏట నుంచి పింఛను. పాయింట్లని 360తో భాగిస్తే ఎన్నేళ్ళ సర్వీసో వస్తుంది, ఏడాదికి రెండున్నర శాతం. ఏటా 78 పాయింట్ల చొప్పున 20 ఏళ్ళు చేసినవాడికి 1,560 పాయింట్లు, అంటే నాలుగేళ్ళ నాలుగు నెలలు, అంటే బేసిక్‌లో దాదాపు 11 శాతం.

చట్టం చేసినవాళ్ళు ఇక్కడ ఒక మూత పెట్టారు. క్యాంపు, యుద్ధం లాంటి పూర్తి డ్యూటీ రోజులు కాక, మిగతా పాయింట్లు ఏడాదికి 60కి మించి లెక్కలోకి రావు. నా వృత్తి జబ్బు కొద్దీ వెంటనే కూడి చూశాను. 48 డ్రిల్లులు, సభ్యత్వానికి 15, కలిపి 63. అంటే ఒక్క డ్రిల్లూ మానకుండా వెళ్ళినవాడికి ప్రతి ఏడాదీ మూడు పాయింట్లు గాల్లో కలిసిపోయేవి. ఆదివారం మధ్యాహ్నం వానలో నిలబడినందుకు జీతం వచ్చింది, పింఛనులో మాత్రం వాడు ఆ పూట రానట్టే. చదువుకునే కరస్పాండెన్సు కోర్సులకి వచ్చే పాయింట్లూ ఆ మూత కిందే నలిగిపోయేవి. ఇది దాదాపు అర్ధ శతాబ్దం నడిచింది. 1996లో మూతని 75కి ఎత్తారు, 2000లో 90కి, 2007లో 130కి. వెనకటి ఏళ్ళకి మాత్రం పాత మూతే. 1970ల్లో, 80ల్లో చేసినవాళ్ళ మూడేసి పాయింట్లు తిరిగి రాలేదు.

ఇంకో గీత 30 దగ్గర ఉంది. ఆర్డరు 30 రోజులు దాటితే సైనికుడికి, కుటుంబానికి సైన్యపు వైద్య బీమా మొదలవుతుంది, పూర్తి ఇంటద్దె అలవెన్సు వస్తుంది. 30 లోపైతే అవి లేవు. అందుకే 29 రోజుల ఆర్డర్లు అంటే రిజర్వ్‌లో అందరికీ ఒక చేదు నవ్వు వస్తుంది. మన దగ్గర ఏడాదిలో 240 రోజులు నిండితే నిరంతర సర్వీసు అవుతుందని, నిండబోయే ముందు కాంట్రాక్టు కార్మికుడికి నాలుగు రోజులు బ్రేక్ ఇచ్చే మేనేజర్లని చూసినవాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

2001 తరువాత ఈ గీతలన్నీ ఒక్కసారిగా పదునెక్కాయి. నెలకో వీకెండు అని చేరినవాళ్ళు ఇరాక్‌కి, అఫ్ఘానిస్తాన్‌కి ఏడాదేసి, మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. వాళ్ళకి ఏదైనా చేయాలని కాంగ్రెస్ ఒక మంచి పని చేసింది. యాక్టివ్ డ్యూటీ ప్రతి 90 రోజులకి పింఛను వయసు 60 నుంచి మూడు నెలలు తగ్గుతుంది. కానీ చట్టం అమల్లోకి వచ్చింది 2008 జనవరి 28న, లెక్క కూడా ఆ రోజు నుంచే. 2003లో బాగ్దాద్ దాకా వెళ్ళినవాడికి, 2005లో ఫలూజాలో ఉన్నవాడికి సున్నా. యుద్ధంలో అతి చెడ్డ ఏళ్ళు దాదాపు అన్నీ గీతకి అవతలే పడ్డాయి.

అందులో ఇంకో మెలిక. ఆ 90 రోజులు ఒకే ఆర్థిక సంవత్సరంలో నిండాలి. ఇక్కడి ప్రభుత్వ సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ఒకడు ఆగస్టు 2 నుంచి నవంబరు 29 దాకా ఏకబిగిన 120 రోజులు డ్యూటీలో ఉన్నాడనుకోండి. సెప్టెంబరు 30 దాకా 60, అక్టోబరు 1 నుంచి 60. రెండు వైపులా 90 లేవు. అక్కరకొచ్చింది సున్నా. ఇలాంటి కోడ్ నేను రాస్తే మా టెస్టర్ మొదటి గంటలోనే వెనక్కి కొడుతుంది. కాంగ్రెస్‌కి ఏడేళ్ళు పట్టింది. 2014 చివర్లో, వరుసగా రెండు ఆర్థిక సంవత్సరాలని కలిపి లెక్కించవచ్చని దిద్దారు. ఆ దిద్దుబాటు కూడా 2014 సెప్టెంబరు 30 తరువాతి డ్యూటీకే.

2020 వసంతం. కోవిడ్ పరీక్షా కేంద్రాల్లో, వృద్ధాశ్రమాల్లో, ఫుడ్ బ్యాంకుల్లో 40,000 మందికి పైగా గార్డ్ మనుషులు పనిచేస్తున్నారు. మార్చి ఆఖరున మొదలైన కేంద్ర ఆర్డర్లు జూన్ 24తో ముగుస్తాయని ప్రకటించారు. మేలో ఎవరో కూర్చుని లెక్కపెట్టారు. మొదట్లో చేరిన వేలమందికి ఆ తేదీకి సరిగ్గా 89 రోజులవుతాయి. పింఛను వయసు తగ్గాలంటే 90 కావాలి. కాలేజీ ఫీజు సాయం మొదలవ్వాలన్నా 90 కావాలి. ఒక్క రోజు. కావాలనే ఆ తేదీ పెట్టారా, కాకతాళీయమా అని పత్రికల్లో పెద్ద రచ్చ అయింది. గవర్నర్లు, రెండు పార్టీల సభ్యులు ఉత్తరాలు రాశారు. చివరికి ఆగస్టు దాకా పొడిగించారు.

1861లో తొంభై దాటనివ్వని చట్టం సైనికుడికి కవచం. ఇంకొక్క రోజు ఉండమని మంత్రి బతిమాలాల్సి వచ్చింది. 2020లో ఇంకొక్క రోజు ఉండనివ్వమని సైనికుడి తరఫున బతిమాలాల్సి వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ పెన్సిల్వేనియా రెజిమెంటే గుర్తొచ్చింది.

ఉద్యోగం ఇచ్చినవాళ్ళ వైపు కూడా లెక్క గొడవే. ఒహాయోలో లైమా అనే ఊళ్ళో నూనె శుద్ధి కర్మాగారంలో పనిచేసే రిజర్విస్టు ఒకాయన, డ్రిల్ వారాంతాల్లో పోయిన షిఫ్టులని వేరే రోజుల్లో వేయమని అడిగాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1981లో ఐదుగురికి నలుగురు తేడాతో కోర్టు కుదరదంది: డ్రిల్ పేరుతో ఉద్యోగంలోంచి తీయకూడదు, పోయిన గంటలు సర్దిపెట్టే బాధ్యత మాత్రం యజమానికి లేదు. 1994లో వచ్చిన యూసెర్రా చట్టం ఉద్యోగ రక్షణని గట్టి చేసింది. ఒక యజమాని దగ్గర మొత్తం ఐదేళ్ళ దాకా డ్యూటీకి పోయి రావచ్చు, నెలవారీ డ్రిల్లులు, వార్షిక క్యాంపు ఆ ఐదేళ్ళలో లెక్కకి రావు. ప్రైవేటు కంపెనీ ఆ రోజులకి జీతం ఇవ్వాలని మాత్రం అందులో లేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఏడాదికి 15 రోజులు జీతంతో మిలిటరీ సెలవు ఉండేది. అందులో శని, ఆదివారాలని కూడా కోసేవారు, ఆ రోజుల్లో వాళ్ళకి ఆఫీసే లేకపోయినా. రెండు వారాల క్యాంపుకి పోతే పద్నాలుగు రోజుల సెలవు ఖర్చు, నిజానికి తప్పిన పని పది రోజులది. ఆ పైన డ్యూటీ పడితే సొంత సెలవులు వాడుకోవాలి. జైళ్ళ శాఖ ఉద్యోగులు నలుగురు కోర్టుకెళ్ళి, 2003లో బటర్‌బా కేసులో గెలిచారు. ఏళ్ళ తరబడి పోయిన సెలవుల కోసం ఆ తరువాత వేలమంది అడిగారు. అప్పటికే 2000 చివర్లో చట్టం రోజులని గంటల్లోకి మార్చేసింది. నా మాడ్యూల్‌లో 120 గంటలు అని ఒక అంకె ఉంటే, అదెక్కడిదా అనుకునేవాణ్ణి. ఎనిమిది గంటల చొప్పున పదిహేను రోజులన్నమాట.

ఈ చిక్కుముడి విప్పుదామని ప్రయత్నాలు జరగలేదని కాదు. రిజర్విస్టుని డ్యూటీకి పిలిచే చట్టబద్ధమైన దారులు దాదాపు 30 ఉన్నాయి. వాటిని గుప్పెడుకి కుదించాలని ఏళ్ళుగా చర్చ నడుస్తోంది. 2012లో సైనిక జీతాల సమీక్షా సంఘం ఇంకో అడుగు వేసి, ఒక రోజుకి ఒకే రోజు జీతం ఇద్దాం, బదులుగా అలవెన్సులు కలుపుదాం అంది. వినడానికి శుభ్రంగా ఉంది. కానీ ఒక రోజు బేసిక్‌కి అలవెన్సులు కలిపినా రెండు రోజుల బేసిక్ అంత రాదు చాలామందికి. గార్డ్, రిజర్వ్ సంఘాలు ఒప్పుకోలేదు. అది కాగితం మీదే ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో కూడా అంతే, పాత లెక్క ఎంత వికారంగా ఉన్నా దాని మీద ఎవరో ఇంటి అప్పు కంతు కడుతుంటారు.

మనవాళ్ళ పిల్లలు ఈ మధ్య గార్డ్‌లో బాగా చేరుతున్నారు, ఎక్కువగా కాలేజీ ఫీజుల కోసం. వాళ్ళకి, వాళ్ళ అమ్మానాన్నలకి పనికొచ్చే సంగతి ఒకటి మావాడు చెప్పినది రాసి ఆపుతాను. డ్రిల్లులకి, ఆర్డర్లకి డబ్బు వచ్చేది అక్టోబరు నుంచి సెప్టెంబరు లెక్కలో. పింఛనుకి కావలసిన 50 పాయింట్లు చూసేది మాత్రం మీరు చేరిన తేదీ నుంచి ఏడాది లెక్కలో. ఒకటి చూసి రెండోది బాగానే ఉందనుకోవద్దు. యూనిట్ మారిన ఏడాది, రాష్ట్రం మారిన ఏడాది పాయింట్లు రాలిపోతుంటాయి. ఏటా వచ్చే పాయింట్ల స్టేట్‌మెంటుని చేరిన తేదీ దగ్గర పెట్టుకుని ఒక్కో డ్రిల్లూ టిక్కు పెట్టుకోండి. ప్రతి ఆర్డరు కాపీ దాచండి, 3 రోజులదైనా సరే. 60వ ఏట అడిగితే ఆ కాగితం ఇచ్చే ఆఫీసు ఉండకపోవచ్చు.